ఒకే అడ్రసు, ఒకే టై

మా అబ్బాకి విజయవాడ వన్ టౌన్‌లో చిన్న దుకాణం ఉండేది. గుండీలు, జిప్పులు, లేసులు, దారపు రీళ్ళు, చీరల ఫాల్స్, టైలర్లకు కావలసిన సామానంతా అక్కడ దొరికేది. నేను ఎంసీఏ పూర్తిచేసిన ఏడు మా సందులో అందరికీ ఒకటే ప్రశ్న. పొద్దున పాలు పోసే ఆయన దగ్గర నుంచి సాయంత్రం దుకాణం ముందు తోపుడుబండి ఆపుకునే ఆయన దాకా, "అమ్మాయికి కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందా అండీ?" అని అబ్బాని అడిగేవాళ్ళు. అబ్బా "వస్తుందండీ, వస్తుంది" అని జిప్పులు సర్దుకుంటూ జవాబు చెప్పేవారు.

అవి అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు టపటపా మూతపడి, ఆ దెబ్బ మన దాకా వచ్చిన రోజులు. మాకు ముందు చదివినవాళ్ళను కంపెనీలు కాలేజీకొచ్చి మరీ తీసుకెళ్ళాయి. మా బ్యాచ్‌కి ఎవరూ రాలేదు. సర్టిఫికెట్లు పట్టుకుని మేమే వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళాలన్నా హైదరాబాదే.

ఒకసారి వెళ్ళాం కూడా. ఏదో కంపెనీ ఫ్రెషర్స్‌ని తీసుకుంటోందని పేపర్లో పడితే అబ్బా దుకాణం మా చిన్నాన్నకు అప్పజెప్పి నాతో వచ్చారు. రైలు దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని, ఆటో పట్టుకుని వెళ్ళేసరికి ఆ కంపెనీ గేటు దగ్గర మొదలైన లైను వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, అవతలి వీధిలో ఉంది. ఎండలో నిలబడ్డాం. అబ్బా నాకు గొడుగు పట్టారు. మధ్యాహ్నానికి గేటు దగ్గరికి చేరితే, అక్కడున్న సెక్యూరిటీ అతను నా రెజ్యూమే తీసుకుని పక్కనున్న అట్టపెట్టెలో పడేశాడు.

"లోపలికి పిలవరా బాబూ?" అన్నారు అబ్బా.

"మెయిల్ వస్తుంది సార్. పక్కకి జరగండి."

తిరుగు రైల్లో అబ్బా చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఖమ్మం దాటాక అన్నారు, "ఒక్క గుండీ కోసం వచ్చినవాడితో కూడా నేను మొహం చూసి మాట్లాడతానమ్మా. వీళ్ళు నీ మొహం కూడా చూళ్ళేదు." ఇంకోసారి అలాంటి లైన్లో నన్ను నిలబడనివ్వనని ఇంటికెళ్ళాక అమ్మీతో చెప్పారు. కోపం కాదది. నా తరఫున ఆయన చిన్నబుచ్చుకున్నారు.

నా స్నేహితురాలిది ఉయ్యూరు. ఎంసీఏ మూడేళ్ళూ ఒకే బెంచీలో కూర్చున్నాం. వాళ్ళ నాన్నగారు చెరుకు పండిస్తారు. క్లాసులో మాస్టారు ప్రశ్న అడిగితే మేమంతా పుస్తకం తిరగేస్తుంటే తను ఒక్క ముక్కలో జవాబు చెప్పి కూర్చునేది. అంత తెలివైనదీ, కీబోర్డు ముందుకొచ్చేసరికి ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. నేను ఇంటర్ సెలవుల్లో టైపు నేర్చుకుని లోయర్ పాసయ్యాను కాబట్టి నా వేళ్ళు బాగానే పరిగెత్తేవి. ల్యాబ్‌లో తను చెప్తే నేను కొట్టేదాన్ని. అలా ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేశాం.

ఒకరోజు తను ఉయ్యూరు నుంచి దుకాణానికి ఫోన్ చేసింది. అప్పటికి నేను దుకాణంలోనే లేసులు చుడుతున్నాను.

"ఏమే, పేపర్ చూశావా? ఇంటర్నెట్లో జాబ్ మేళా అంట. హైదరాబాద్, బెంగళూరు, మద్రాసు, అన్ని ఊళ్ళ కంపెనీలూ ఉంటాయంట. చాటింగ్‌లోనే మాట్లాడతారంట. మనం నిలబడక్కర్లేదు, కూర్చోవచ్చంట."

ఆ సాయంత్రం అబ్బాకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఎక్కడ జరుగుతుంది?"

"ఎక్కడా జరగదు అబ్బా. కంప్యూటర్లో జరుగుతుంది."

"ఎక్కడా జరగని మేళాకి ఎలా వెళ్తారమ్మా?"

"గవర్నర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళి కూర్చుంటాం. కంపెనీలన్నీ ఒక వెబ్‌సైట్లో స్టాళ్ళు పెట్టుకుంటాయి. మన ఎగ్జిబిషన్‌లో పెడతారే, అలాగే. మనం ఆ స్టాల్లోకి వెళ్తే ఆ కంపెనీవాళ్ళు మాట్లాడతారు. రాసుకోవడమే, నోటితో కాదు."

"సరుకు చూపించకుండా, నోటితో మాట్లాడకుండా బేరం ఎలా తెగుతుంది?" అని ఆయన నవ్వారు. కానీ వద్దనలేదు. లైను లేదన్న ఒక్క మాటకే సగం మెత్తబడ్డారు.

ఆ నెట్ సెంటర్‌ని నడిపేది ఒక ఆంటీ. అంతకుముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపేవారు. ఒక మూల ఆ ఫోన్ క్యాబిన్ ఇంకా ఉంది. మిగతా గదంతా ప్లైవుడ్ అరలు, ఒక్కో అరలో ఒక సిస్టం. వాళ్ళాయనకు వేరే ఉద్యోగం, ఇక్కడంతా ఆవిడదే రాజ్యం. మేళా రోజుకని రెండు సిస్టంలు ముందుగా చెప్పుకోవడానికి వెళ్తే ఆవిడ తల పట్టుకున్నారు.

"మీరూ మేళాకేనా అమ్మాయ్? పొద్దున్నుంచీ అందరూ దానికే. గుడివాడ నుంచి, మైలవరం నుంచి కూడా ఫోన్లు. ఎక్కడా జరగని మేళా నా సెంటర్లోనే జరిగేట్టుంది."

మేళా శనివారం వచ్చింది. అబ్బా నన్ను స్కూటర్ మీద కాలవ వంతెన దాటించి, సెంటర్ ముందు దింపి వెళ్ళిపోతానన్నారు. తీరా లోపలికి తొంగిచూసి, "ఐదు నిమిషాలు చూసి వెళ్తా" అని బెంచీ మీద కూర్చున్నారు. తెల్ల చొక్కా, తలమీద టోపీ, చేతిలో అమ్మీ ఇచ్చిన టిఫిన్ క్యారేజీ. గదంతా నావంటివాళ్ళే. అందరి చేతుల్లో ఫ్లాపీలు, ఫైళ్ళు.

వాళ్ళలో ఒకతను టై కట్టుకుని వచ్చాడు. గుడివాడ అబ్బాయి. తెల్ల చొక్కా, నీలం టై, పాలిష్ చేసిన బూట్లు. అతన్ని చూసి పక్క అరలోవాళ్ళు నవ్వారు.

"చాటింగ్‌లో టై ఎవరికి కనబడుద్ది గురూ?"

"వాళ్ళకి కాదు, నాకు. టై కట్టుకుంటే నాకు ఇంగ్లీషు వస్తుంది" అన్నాడతను నిదానంగా. దాంతో ఇంకా నవ్వారు. అతనూ నవ్వాడు.

నా స్నేహితురాలు ఆలస్యంగా వచ్చింది. చెరుకు ఆడే సీజన్ కదా, ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు బందరు రోడ్డంతా నింపేస్తే వాళ్ళ బస్సు నత్తలా నడిచిందట. జడ సగం ఊడిపోయి, రొప్పుతూ వచ్చి నా పక్క సిస్టం ముందు కూలబడింది. అబ్బాని చూసి లేచి, "నమస్కారం బాబాయ్‌గారూ, మీరూ అప్లై చేస్తున్నారా?" అంది.

"నన్నెవరు తీసుకుంటారమ్మా?" అన్నారు అబ్బా.

వెబ్‌సైట్ తెరుచుకుంది. ఒక హాలు బొమ్మ, దాంట్లో వరసగా స్టాళ్ళు, ఒక్కో స్టాలు మీద ఒక్కో కంపెనీ బోర్డు. అన్నిట్లోకీ తిరిగాం. కొన్ని స్టాళ్ళలో ఎవరూ లేరు, పేరుకు బోర్డు పెట్టారంతే. కొన్నిట్లో ఒక్కసారిగా వందలమంది 'సర్, ఐ యామ్ ఫ్రెషర్', 'సర్, ప్లీజ్ సీ మై రెజ్యూమే' అని రాస్తుంటే స్క్రీన్ జలపాతంలా కిందికి జారిపోయేది. మనం రాసింది మనకే కనిపించేది కాదు. నా పక్కన నా స్నేహితురాలు ఒక్క వేలితో "గుడ్ మార్నింగ్" పూర్తిచేసేలోపు ఆ స్టాల్‌లో కూర్చున్నాయన టీకి వెళ్ళిపోయాడు.

చివరికి బెంగళూరు కంపెనీ ఒకటి పద్ధతిగా నడుస్తున్న స్టాలు దొరికింది. అక్కడ ఒక మేడమ్ ఒక్కొక్కర్నే పేరుపెట్టి పిలిచి, రెండు మూడు ప్రశ్నలు అడిగి, నచ్చితే రెజ్యూమే పంపమంటున్నారు. ఆ కబురు మా సెంటర్లో అరలన్నిటికీ పాకింది. "అక్కడికి రండ్రా, అక్కడ మనిషి మాట్లాడుతోంది" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని అందరం ఆ స్టాల్లోకి దూరాం. ఒకరి తర్వాత ఒకరికి పిలుపు వస్తోంది. టై అబ్బాయి ప్రశ్నలకు జవాబు చెప్పి లేచి నిలబడి స్క్రీన్‌కి దండం పెట్టాడు. ఇంక నాదే వంతు అనుకుంటుండగా ఆ మేడమ్ ఇంగ్లీషులో ఇలా రాశారు.

"చాలాసేపటి నుంచి ఒకే అడ్రసు నుంచి రకరకాల పేర్లతో ఎవరో వస్తున్నారు. ఇది సరదా కాదు. నిజంగా ఉద్యోగం కావలసినవాళ్ళ సమయం పాడవుతోంది. ఆ అడ్రసుని ఆపేస్తున్నాను."

మరుక్షణం నా స్క్రీన్ తెల్లబడింది. నా స్నేహితురాలిదీ అంతే. ఆ అరలోంచి "పోయింది", ఈ అరలోంచి "నాదీ పోయింది" అని మాటలు. కరెంటు పోయిందేమోనని అందరూ ఫ్యాన్ల వంక చూశారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆంటీ కౌంటర్ దగ్గర నుంచి లేచి వచ్చి, "నేనేం ముట్టుకోలేదమ్మా" అన్నారు.

నాకు కాసేపటికి వెలిగింది. మేం నెట్‌వర్క్స్ పేపర్లో చదువుకున్నదే. సెంటర్లో సిస్టంలు ఎన్ని ఉన్నా బయటి ఇంటర్నెట్‌కి వెళ్ళే దారి ఒక్కటే. ఆ దారికి ఉన్న నంబరే అవతలివాళ్ళకు కనిపిస్తుంది. బెంగళూరులో కూర్చున్న ఆ మేడమ్‌కి మేమంతా ఒక్క మనిషే. పేరు మార్చుకుంటూ ఆటపట్టిస్తున్న ఆకతాయి మనిషి.

ఈ సంగతి గదిలో అందరికీ చెప్పాను. టై అబ్బాయి, "అంటే నేను బాగా చెప్పిన జవాబులు కూడా దొంగ జవాబుల్లో పోయాయా?" అన్నాడు. పాపం, అతని మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"ఏం జరిగిందమ్మా?" అని అబ్బా లేచి వచ్చారు.

"మేమందరం ఒక్కళ్ళమే అనుకుని వాళ్ళు తలుపేశారు అబ్బా."

ఆయన మొహంలో ఆ హైదరాబాద్ గేటు మళ్ళీ కనబడింది నాకు. ఆ మొహం చూడలేకే కావచ్చు, ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. స్టాలు బోర్డు కింద, ఏమైనా ఇబ్బంది ఉంటే రాయమని ఒక మెసెంజర్ ఐడీ ఇచ్చి ఉండటం ఇందాక చూశాను. మెసెంజర్ వేరే, వెబ్‌సైట్ వేరే. ఆ తలుపు వేసినా ఈ కిటికీ తెరిచే ఉంటుంది. ఐడీ గుర్తుపెట్టుకున్నది నా స్నేహితురాలు. తను చెప్పింది, నేను కొట్టాను. గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్ అని నా పేరు రాశాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఇది మీ ఎన్నో పేరు?"

గదిలోవాళ్ళంతా నా వెనక మూగారు. నేను చేతులు తుడుచుకుని మొదలుపెట్టాను. ఇది విజయవాడలో ఒక నెట్ సెంటర్ అనీ, ఇక్కడున్న సిస్టంలన్నీ ఒకే కనెక్షన్‌ని పంచుకుంటున్నాయనీ, ఒక అపార్ట్‌మెంట్లో ఎన్ని కుటుంబాలున్నా వీధిలోంచి చూస్తే డోర్ నంబరు ఒకటే కనిపించినట్టు, మా అందరి అడ్రసూ మీకు ఒకటే కనిపిస్తోందనీ రాశాను. లోపల ఏ ఉత్తరం ఏ ఇంటిదో పంచిపెట్టే పని మా సర్వర్ ఎలా చేస్తుందో కూడా రాశాను. అంత ఇంగ్లీషు నేను అంతకుముందు ఎప్పుడూ ఒక్క ఊపున రాయలేదు.

"బాగా చెప్పారు" అని వచ్చింది. "కానీ ఒక్క మనిషి కూడా ఇదంతా రాయగలరు కదా. నేనెలా నమ్మాలి?"

అందరం మొహాలు చూసుకున్నాం. నా స్నేహితురాలు జడ అల్లుకుంటూ మామూలుగా అంది, "ఈ మొహాలే చూపిస్తే పోలా? ఆంటీ దగ్గర కెమెరా ఉందిగా."

నిజమే. ఆ సెంటర్లో ఒక వెబ్‌క్యామ్ ఉంది. గల్ఫ్‌లో ఉన్న భర్తలను చూసుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ కోసం ఆంటీ కొని, బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. ఆవిడ వెంటనే తీసి, పైటచెంగుతో అద్దం తుడిచి, నా మానిటర్ మీద కూర్చోబెట్టారు. మేడమ్ 'సరే, చూపించండి' అన్నారు. ఆవిడ వైపు కెమెరా లేదు. మేం ఆవిడకు కనిపిస్తాం, ఆవిడ మాకు కనిపించరు.

"అందరూ రండి, దగ్గరికి జరగండి" అంటూ ఆంటీ ఫొటోగ్రాఫర్‌లా సర్దడం మొదలుపెట్టారు. పొడుగువాళ్ళు వెనక, ఆడపిల్లలు ముందు. "చేతులు ఊపేటప్పుడు అందరూ కలిసి ఊపండి. ఒక్కళ్ళే ఊపితే మళ్ళీ ఒక్కళ్ళే అనుకోగలదు."

అందరం చేతులు ఊపాం. చిన్న కిటికీలో మా బొమ్మ మాకే ముక్కలు ముక్కలుగా కదులుతూ కనిపించింది. ఊపిన చెయ్యి ఒక చోట, మనిషి ఒక చోట. అవతలి నుంచి వచ్చిన మొదటి మాట "ఓహ్."

దాని తర్వాత, "మీరంతా నిజమే."

దాని తర్వాత ఇంకొకటి. "వెనకాల టోపీ పెట్టుకున్న పెద్దాయన ఎవరు? ఆయన కూడా ఫ్రెషరేనా?"

నేను వెనక్కి తిరిగి చూస్తే అబ్బా. అందరూ ఊపుతున్నారని ఆయనా క్యారేజీ పట్టుకున్న చెయ్యే ఊపుతున్నారు. మేడమ్ ఏమడిగారో చదివి చెప్పాను.

అబ్బా గొంతు సవరించుకుని, "ఫ్రెషర్ కాదు, ఫాదర్ అని చెప్పమ్మా" అన్నారు.

గదంతా గొల్లుమంది. నేను ఉన్నదున్నట్టు టైపు చేశాను. అవతల నుంచి వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి, లైను నిండా. ఆ నవ్వు చప్పుడు వినబడకపోయినా అబ్బాకి అర్థమైంది. "నవ్విందా?" అని నన్ను అడిగి, తనలో తనే మురిసిపోయారు.

మేడమ్ క్షమించమని రాశారు. అడ్రసు మీద ఆంక్ష తీసేస్తాననీ, ఎలాగూ కెమెరా ఉంది కాబట్టి స్టాల్లో మిగిలినవాళ్ళ పని కాగానే మీ అందరితో ఇక్కడే విడివిడిగా మాట్లాడతాననీ రాశారు.

ఆ మాట చదివేసరికి గదిలో కలకలం మొదలైంది. ఇప్పుడు మొహం కనబడుతుంది. దువ్వెనలు బయటికొచ్చాయి. పొద్దున టై అబ్బాయిని ఎగతాళి చేసినవాళ్ళే అతని చుట్టూ చేరారు.

"గురూ, నీదైపోగానే ఒక్కసారి ఇవ్వవా?"

అతను తన వంతు కాగానే ముడి విప్పకుండా, వదులు చేసి, తలమీంచి తీసి పక్కవాడికి ఇచ్చాడు. అక్కడి నుంచి ఆ నీలం టై ఒక మెడలోంచి ఇంకో మెడలోకి వెళ్తూనే ఉంది. లావు మెడకి బిగుసుకుంది, సన్న మెడకి వేలాడింది. ఒకతను గళ్ళ చొక్కా మీద వేసుకున్నాడు. సెంటర్లో అద్దం లేదు కాబట్టి ఆంటీయే అద్దం. "ఎడంపక్కకి, ఇంకొంచెం, ఆఁ చాలు" అని సరిచేసి పంపేవారు.

కొంతమంది అయ్యాక మేడమ్ రాశారు. "ఒకే అడ్రసు అంటే అర్థమైంది. టై కూడా ఒకటేనా?"

అప్పుడు కుర్చీలో ఉన్నతను సిగ్గుపడి, "అవును మేడమ్, షేర్డ్ రిసోర్స్" అని కొట్టాడు. అతనికి ఆ జవాబుకే మార్కులు పడి ఉంటాయని మేం చాలాకాలం అనుకునేవాళ్ళం.

నా స్నేహితురాలి వంతు వచ్చినప్పుడు నాకు భయం వేసింది. నేను కొడితే కెమెరాలో తెలిసిపోతుంది. తనే కొట్టాలి. లింక్డ్ లిస్టుని, అదే గొలుసులా అల్లిన జాబితాని, వెనక నుంచి ముందుకి ఎలా తిప్పుతారు అని ప్రశ్న. అంతకుముందు అదే ప్రశ్నకి ఒకతను పేజీ నిండా రాశాడు. తను కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత చూపుడువేలు చాపి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. గదిలో అందరం ఆ వేలి వంకే చూస్తున్నాం. మొత్తం మూడు వాక్యాలు. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు.

మేడమ్ రాశారు. "ఇవాళ నేను చదివిన జవాబుల్లో ఇదే నాకు ఒక్కసారి చదవగానే అర్థమైంది."

తను లేచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అందరివీ అయ్యాక నేను కూర్చుని, నేను రెడీ మేడమ్ అని రాశాను. ఆవిడ 'మీరు రెజ్యూమే పంపండి' అన్నారు. నాకు ప్రశ్నలు లేవా అని అడిగాను. "మీరు ఇందాకే జవాబు చెప్పేశారు కదా" అని వచ్చింది.

ఆ ముక్క అబ్బాకి చెప్తే ఆయన కాసేపు స్క్రీన్ వంకే చూశారు. దాంట్లో ఆయన చదవగలిగింది ఏమీ లేదు. అయినా చూశారు. పొద్దున ఐదు నిమిషాలకని కూర్చున్నవారు సాయంత్రం దాకా కదల్లేదు. తను తినాల్సిన క్యారేజీ కూడా అందరికీ తలో ముద్దా పంచారు.

బయటికొచ్చాక ఆయనకు ఎంత హుషారంటే, "రండి, అందరికీ చెరుకు రసం" అన్నారు. నా స్నేహితురాలు చేతులు జోడించింది. "బాబాయ్‌గారూ, చెరుకు తప్ప ఇంకేదైనా పెట్టించండి. ఇంట్లో అదే, దారిలో అదే." సరేనని మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి, అప్పటిదాకా ఒకరికొకరు ఎవరో తెలియని మేమంతా, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవాళ్ళలా ఊదుకుంటూ బజ్జీలు తిన్నాం. ఆంటీ సెంటర్ తాళం వేసి మరీ వచ్చారు.

తర్వాత కొన్ని వారాలకు రాతపరీక్షకి రమ్మని మాలో చాలామందికి మెయిల్ వచ్చింది. పరీక్ష హైదరాబాద్‌లో. పొద్దుటి బండిలో ఒక పెట్టె సగం మేమే. అబ్బా కూడా వచ్చారు. దారిలో సి లాంగ్వేజ్ ప్రశ్నలు ఒకళ్ళనొకళ్ళం అడుక్కుంటుంటే, జవాబు చెప్పలేనివాళ్ళకు అబ్బా జామకాయ ముక్క తినిపించి, "మళ్ళీ ఆలోచించు బాబూ, తొందరేం లేదు" అనేవారు. అక్కడ లైను లేదు. హాల్లో ఒక్కొక్కరికీ కుర్చీ, బల్ల, మంచినీళ్ళ సీసా. అబ్బా గుమ్మంలోంచి ఆ కుర్చీలు చూసి, తృప్తిగా బయటికి వెళ్ళి చెట్టు కింద కూర్చున్నారు.

ఫలితాలు వచ్చాయి. నాకు వచ్చింది. నా స్నేహితురాలికి వచ్చింది. మా సెంటర్ వాళ్ళలో ఇంకో ఇద్దరికి వచ్చింది. టై అబ్బాయికి రాలేదు. అతను మాకు ఫోన్ చేసి నిండు గొంతుతో శుభాకాంక్షలు చెప్పాడు. మరుసటి ఏడు హైదరాబాద్‌లో మంచి కంపెనీలో చేరాడు. అతని గురించి దిగులుపడాల్సిన పని లేకపోయింది.

బెంగళూరు అనేసరికి అమ్మీకి గుబులు పుట్టింది. మా ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే వేరే ఊళ్ళో ఉండటం అదే మొదలు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడోనాడు నా స్నేహితురాలు బెల్లం అచ్చులు పట్టుకుని ఉయ్యూరు నుంచి వచ్చింది. అబ్బా తననే అడిగారు.

"నువ్వు వెళ్తున్నావా అమ్మా?"

"వెళ్తున్నాను బాబాయ్‌గారూ. మా నాన్న ఒప్పుకున్నారు. ఇది వస్తేనే అన్నారు."

"మేం కూడా అదే అనుకుంటున్నాం" అన్నారు అబ్బా. అమ్మీ వంక చూశారు. అమ్మీ బెల్లం తీసుకుని లోపలికి వెళ్తూ, "ఇద్దరూ ఒక్క గదిలోనే ఉండాలి, ఒక్క పూటే వంట చేసుకుని రెండు పూటలు తినకూడదు" అంది. అంతే, మాకు అనుమతి వచ్చినట్టే.

జూన్‌లో మా ఇద్దర్నీ దింపడానికి అబ్బా బెంగళూరు వచ్చారు. ఆ మేడమ్‌ని చూడాలని ఆయన పట్టుదల. "ఆమె నన్ను చూసింది, నేను చూళ్ళేదు. ఇది న్యాయం కాదు" అన్నారు. ఆఫీసు రిసెప్షన్‌లో కబురు చేస్తే, జీన్స్ ప్యాంటు మీద కుర్తా వేసుకున్న బక్కపల్చటి అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. మైసూరు పిల్ల. మాకంటే పెద్దదనడానికి ఏమీ లేదు. అబ్బా ఆమె వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశారు.

ఆ అమ్మాయే చెప్పింది. మేళా జరిగేనాటికి తను ఉద్యోగంలో చేరి రెండు వారాలట. పై ఆవిడ జ్వరమొచ్చి రాకపోతే స్టాలు మొత్తం తన మీద పడిందట. ఎవరో ఆటపట్టిస్తున్నారని భయపడి, ఎవర్నీ అడక్కుండా మా అడ్రసు ఆపేసిందట.

"మీ మెసేజ్ రాగానే నా ఉద్యోగం పోయిందనుకున్నా" అంది ఇంగ్లీషులో.

"మేం కూడా మా ఉద్యోగం పోయిందనే అనుకున్నాం" అన్నాను.

అబ్బాకి తెలుగులో చెప్తే ఆయన ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, "అందరూ కొత్తవాళ్ళే అన్నమాట" అన్నారు. ఆమెకు భాష తెలియకపోయినా తల వంచి నిలబడింది.

అబ్బా ఆ సాయంత్రమే రైలెక్కారు. మా ఇద్దరికీ స్టేషన్ నుంచి గది దాకా దారి తెలియకపోతే ఆ మైసూరు అమ్మాయే స్టేషన్ దాకా మాతో వచ్చి, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చూపించింది. అంతలో వాన మొదలైంది. బెజవాడ జూన్ ఎండల్లో పెరిగిన ఒళ్ళు మావి. బస్టాపులో మా ఇద్దరికీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అది చూసి ఆమె నవ్వాపుకోలేక, మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని రోడ్డు దాటించి ఒక ఉన్ని బట్టల కొట్టుకి తీసుకెళ్ళింది. నా స్నేహితురాలు మామిడిపండు రంగు స్వెట్టరు ఎంచుకుంది. అక్కడే వేసుకుని, మెడదాకా గుండీలన్నీ పెట్టుకుని, ఆ వానలోకి మహారాణిలా నడిచింది.